నేల ఒకరిది, దారి ఇంకొకరిది: చిత్రకొండ కటాఫ్ నుంచి కాలినిన్‌గ్రాడ్ దాకా

సంక్షిప్తంగా: సొంత దేశం నుంచో, సొంత రాష్ట్రం నుంచో తెగిపోయి పరాయి నేల మధ్య చిక్కుకున్న ప్రాంతాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో తరచూ వినిపించే చిత్రకొండ కటాఫ్, కొటియా, జివతి ఊళ్లను కూడా చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. వీటిలో మొదటిది దారి లేని సమస్య, మిగతా రెండూ హద్దు తేలని సమస్య. రోగాలు వేరు కాబట్టి మందులూ వేరే.

ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ రేవులో 2018 దాకా రోజు లాంచీని బట్టి నడిచేది. బలిమెల జలాశయానికి ఆవలి గట్టున ఉన్న 151 ఊళ్లవారు ఉప్పు కొనాలన్నా, బ్లాక్ ఆఫీసులో ఒక కాగితం మీద ముద్ర వేయించుకోవాలన్నా నీళ్లు దాటి ఇటు రావాల్సిందే. జ్వరంతో మూలుగుతున్న మనిషిని డోలీ కట్టి కొండ దింపి, నలుగురు భుజాలు మార్చుకుంటూ రేవు దాకా మోసుకొచ్చేసరికి లాంచీ వెళ్లిపోయి ఉంటే, ఆ రాత్రికి గట్టే దిక్కు. కటాఫ్ ఏరియా అని పిలిచిన ఆ నేల ఒడిశాది. రేషన్ కార్డు ఒడిశాది, ఓటు ఒడిశాది, బడిలో పలక మీద దిద్దే అక్షరాలూ ఒడియావే. కాలినడకన నీళ్లు దాటకుండా పోగలిగిన దిక్కు మాత్రం ఆంధ్రా కొండలు.

మల్కన్‌గిరి, కోరాపుట్, గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లోని తెలుగువారికి ఈ పరిస్థితి కొత్త కాదు. అయితే సరిహద్దు ఊరి పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఒకే ప్రశ్న ముందుకొస్తుంది: ఇన్నేళ్లుగా ఇది ఎందుకు తేలడం లేదు? దానికి జవాబు కావాలంటే, తెగిపోయిన నేలలు అసలు ఎన్ని రకాలో ముందు చూడాలి.

ఎన్‌క్లేవ్, ఎక్స్‌క్లేవ్, ‘దాదాపు’ ఎక్స్‌క్లేవ్

రెండు మాటలు తరచూ కలగాపులగం అవుతుంటాయి. చుట్టూ ఒకే పరాయి పాలన ఉన్న నేలను ఎన్‌క్లేవ్ అంటారు. సొంత దేశం ప్రధాన భూభాగం నుంచి విడిపోయి, పరాయి నేల దాటితే తప్ప చేరలేని ముక్కను ఎక్స్‌క్లేవ్ అంటారు. మొదటిది చుట్టూ ఉన్నవాడి వైపు నుంచి పెట్టిన పేరు, రెండోది సొంతదారు వైపు నుంచి పెట్టిన పేరు. చాలాసార్లు ఒకే ముక్కకు రెండు పేర్లూ సరిపోతాయి, కానీ ఎప్పుడూ కాదు. లెసోతో దేశం చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉంది కాబట్టి అది ఎన్‌క్లేవ్. అది మరో దేశానికి తునక కాదు కాబట్టి ఎక్స్‌క్లేవ్ కాదు. అమెరికాకు చెందిన అలాస్కా కెనడా అవతల ఉన్న ఎక్స్‌క్లేవ్. దానికి సముద్రం ఉంది కాబట్టి పూర్తి ఎన్‌క్లేవ్ కాదు.

తెలుగువారికి చేతికందే ఉదాహరణ యానాం. గోదావరి డెల్టాలో సుమారు 30 చదరపు కిలోమీటర్ల ముక్క. అక్కడి వీధుల్లో వినిపించేది తెలుగే, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశే. పాలన మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరిది. ఫ్రెంచివారి చేతిలోంచి 1954లో వచ్చిన ఈ ముక్కను చుట్టుపక్కల జిల్లాలో కలిపేయకుండా పాత అల్లికలోనే ఉంచారు. పన్నులు వేరు కాబట్టి పెట్రోలు ధర వేరు, మద్యం ధర వేరు. ఆ తేడాయే అక్కడి వ్యాపారంలో చాలా భాగాన్ని నడిపిస్తోంది.

మూడో రకం మాట ఒకటుంది. సరిహద్దు ఊళ్ల గురించి మాట్లాడేటప్పుడు దాని అవసరమే ఎక్కువ. 1959లో బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త జి.డబ్ల్యు.ఎస్. రాబిన్సన్ ఎక్స్‌క్లేవ్‌లను వర్గీకరిస్తూ ‘పీన్ ఎక్స్‌క్లేవ్’ అనే రకాన్ని చెప్పాడు. లాటిన్‌లో ఆ ముందుమాటకు అర్థం ‘దాదాపు’. ద్వీపకల్పానికి ఇంగ్లీషులో వాడే పెనిన్సులా అన్న మాటలో ఉన్నదీ అదే. పటం మీద సొంత నేలకు అంటుకునే ఉంటుంది, కానీ మధ్యలో కొండో నీళ్లో అడ్డుపడి మామూలు రాకపోకలన్నీ పక్క దేశం మీదుగానే సాగుతాయి. ఆస్ట్రియాలోని క్లైన్‌వాల్సర్‌టాల్ లోయ ఇలాంటిదే. ఆల్ప్స్ పర్వతాలు అడ్డు కావడంతో ఆ లోయకు సొంత దేశం నుంచి నేరుగా బండి దారి లేదు. ఉన్నదల్లా జర్మనీ మీదుగానే.

ఆ లోయ పక్కన చిత్రకొండ కటాఫ్‌ను పెట్టి చూస్తే పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మహారాష్ట్ర చివర ఉన్న సిరొంచకు కూడా కొంతవరకు ఇదే వర్తిస్తుంది. జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటే అడవి దారిలో దాదాపు 200 కిలోమీటర్లు. గోదావరి అవతల కాళేశ్వరం కంటికి కనిపించే దూరంలో ఉంటుంది. వంతెనలు రాకముందు అక్కడి జనం నాటుపడవల్లో నది దాటి తెలంగాణ వైపు ఆసుపత్రులకు, బజార్లకు వెళ్లేవారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వైద్యం మంచిర్యాలలోనో వరంగల్‌లోనో. పటం ప్రకారం సిరొంచ ఎక్కడా తెగిపోలేదు, బతుకు ప్రకారం చాలాకాలం తెగే ఉంది.

దారి హక్కు: పొలం గట్టు నుంచి హేగ్ కోర్టు దాకా

పల్లెలో ఈ సమస్యను ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అన్నదమ్ముల పంపకాల్లో ఒకరి మడి నడిమధ్యన పడుతుంది, చుట్టూ పరాయి చేలు. నాటు వేయాలన్నా, కోత బండి తోలాలన్నా పక్కవాడి గట్టు తొక్కాలి. పక్కవాడు మంచివాడైనంత కాలం అది సమస్యే కాదు. మాట తేడా వచ్చిన రోజు గట్టుకు ముళ్లకంచె పడుతుంది. అందుకే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, మరో మార్గం లేని మడికి పక్క భూమి మీదుగా దారి హక్కును గుర్తించింది.

దేశాల మధ్య అలాంటి చట్టం ఒకటి ఉందా? ఈ ప్రశ్న అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది, వెళ్లింది కూడా మన దేశపు నేల మీదే. మహారాష్ట్ర, గుజరాత్‌ల మధ్య ఉన్న దాద్రా, నగర్ హవేలీ పోర్చుగీసువారి చేతిలో ఉండేవి. వాళ్ల రేవు డామన్‌కు, ఈ ముక్కలకు మధ్య భారత నేల ఉంది. 1954లో జాతీయవాదులు ఈ రెండిటినీ పోర్చుగీసు పాలన నుంచి విడిపించారు. అణచివేతకు బలగాలను పంపుదామంటే పోర్చుగల్‌కు భారత్ దారి ఇవ్వలేదు. తనకు దారి హక్కు ఉందంటూ పోర్చుగల్ హేగ్‌లో కేసు వేసింది.

1960 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. మామూలు మనుషులు, సివిల్ అధికారులు, సరుకులు రాకపోకలు సాగించడానికి పాత వాడుకను బట్టి పోర్చుగల్‌కు హక్కు ఉందని, సైన్యం, సాయుధ పోలీసులు, ఆయుధాల రవాణాకు మాత్రం లేదని కోర్టు చెప్పింది. 1954లో ఉద్రిక్తత దృష్ట్యా దారి ఆపడంలో భారత్ తప్పేమీ చేయలేదని కూడా తేల్చింది.

ఆ తీర్పులోని తర్కం ఇప్పటికీ పనికొస్తుంది. ఎక్స్‌క్లేవ్‌కు దారి అనేది నేల హక్కుతో పాటు పుట్టుకొచ్చేది కాదు. అది పాత వాడుక వల్లో, ఒప్పందం వల్లో వస్తుంది. మనిషికి, బస్తాకు ఒక లెక్క, తుపాకీకి మరో లెక్క. మధ్యలో ఉన్నవాడికి దారిని అదుపు చేసే అధికారం ఎప్పుడూ చేజారదు. ఆ కేసు మిగిల్చిన చిత్రం ఇంకొకటి ఉంది. దాద్రాకు, నగర్ హవేలీకి మధ్య ఇప్పటికీ గుజరాత్ నేలే ఉంది. నగర్ హవేలీ కడుపులో మళ్లీ మఘ్‌వాల్ అనే గుజరాత్ ఊరుంది. పాలకులు మారినా పాత ముక్కలు అలాగే మిగిలాయి. ఒకే దేశం అయింది కాబట్టి వాటి గురించి గొడవ లేదు.

మధ్యలోవాడు తలుపు వేస్తే

తెగిపోయిన నేల ఎంత దూరంలో ఉందన్నది రెండో ప్రశ్న. మధ్య దారి ఎవరి చేతిలో ఉందన్నదే మొదటిది.

1947 నుంచి 1971 దాకా పాకిస్తాన్ రెండు ముక్కలుగా ఉండేది, నడుమ దాదాపు 1,600 కిలోమీటర్ల భారతదేశం. తూర్పు ముక్క విడిపోవడానికి భాష, ఓట్లు, డబ్బు పంపకాలు అసలు కారణాలు. అయితే విడిపోయిన తీరులో దారి పాత్ర తక్కువేమీ కాదు. 1971 జనవరి చివర్లో భారత విమానాన్ని హైజాక్ చేసి లాహోర్‌కు తీసుకుపోయి తగలబెట్టిన తర్వాత, పాకిస్తాన్ విమానాలు తన ఆకాశం మీదుగా పోకుండా భారత్ నిషేధించింది. అప్పటి నుంచి కరాచీ నుంచి ఢాకా పోవాలంటే శ్రీలంక చుట్టూ తిరిగి పోవాలి. కొన్ని నెలల్లోనే యుద్ధం వచ్చింది.

రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాడ్ కథ వేరుగా మొదలై అక్కడికే చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి సోవియట్ యూనియన్‌కు వచ్చిన ఈ ప్రాంతం విస్తీర్ణం సుమారు 15,000 చదరపు కిలోమీటర్లు. లిథువేనియా కూడా సోవియట్‌లో భాగంగా ఉన్నంతకాలం అది తెగిన ముక్కే కాదు. సోవియట్ యూనియన్ విడిపోయింది. కాలినిన్‌గ్రాడ్ అంగుళం కదలలేదు గానీ, దాని చుట్టూ ఉన్న గీతల అర్థం మారిపోయింది. 2004లో లిథువేనియా, పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరే క్రమంలో రైల్లో సొంత దేశం నుంచి సొంత దేశానికి పోయే రష్యన్లకు కూడా ప్రత్యేక ప్రయాణ పత్రాలు తప్పనిసరయ్యాయి. 2022 జూన్‌లో ఉక్రెయిన్ యుద్ధం ఆంక్షల పేరుతో లిథువేనియా కొన్ని సరుకులను ఆపింది. రష్యా మండిపడింది. మరుసటి నెలలో యూరోపియన్ యూనియన్ రైలు రవాణాకు మినహాయింపు స్పష్టం చేశాక వేడి తగ్గింది. ఇప్పటికీ బాల్టిక్ సముద్రం మీద నడిచే ఫెర్రీలు, విమానాలే రష్యాకు పరాయి అనుమతి అక్కర్లేని దారి.

అజర్‌బైజాన్‌కు చెందిన నఖ్‌చివాన్‌కు సముద్రం కూడా లేదు. నడుమ ఆర్మేనియా ఉంది. 1990ల మొదట్లో యుద్ధంతో ఆ దారులు మూతపడ్డాక అక్కడివారు ఇరాన్ మీదుగా తిరిగి వెళ్లడమో, విమానం ఎక్కడమో చేస్తున్నారు. 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో కుదిరిన అవగాహన ప్రకారం దక్షిణ ఆర్మేనియా మీదుగా ఒక రవాణా మార్గం తెరవాలి. ముప్పై ఏళ్లకు పైగా బేరం తెగక నలిగింది ఆ 40 చిల్లర కిలోమీటర్ల పట్టీ మీదే. దారి ఉండాలా వద్దా అన్నది అక్కడ పేచీ కాదు. ఆ దారి మీద తనిఖీ ఎవరిది, చట్టం ఎవరిది అన్నదే పేచీ.

స్నేహం ఉన్నచోట కూడా చిక్కు తప్పదు. అమెరికాకు చెందిన పాయింట్ రాబర్ట్స్ కెనడా నేల చివర వేలాడే చిన్న కొస. మిగతా అమెరికాకు రోడ్డు మీద పోవాలంటే కెనడా దాటాలి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల రెండు దేశాలూ సరిహద్దు మూసేసరికి, రెండు మిత్రదేశాల నడుమ ఆ ఊరు నెలల తరబడి దీవిలా మిగిలిపోయింది.

ఛిట్‌మహల్: 68 కొవ్వొత్తుల రాత్రి

తెగిపోయిన నేల మనిషిని ఏం చేస్తుందో చూడాలంటే పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బిహార్‌కు మించిన చోటు లేదు. 2015 దాకా బంగ్లాదేశ్ లోపల భారత్‌కు 111 ముక్కలు, భారత్ లోపల బంగ్లాదేశ్‌కు 51 ముక్కలు ఉండేవి. స్థానికంగా వాటిని ఛిట్‌మహల్ అంటారు. కూచ్ బిహార్ రాజు, రంగ్‌పూర్ నవాబు చదరంగంలో ఊళ్లు పందెం కాసుకున్నారన్న కథ ప్రచారంలో ఉంది. అసలు కారణం 1711-13 నాటి మొఘల్, కూచ్ బిహార్ ఒప్పందం. ఎవరి మనుషులు ఎక్కడ పాతుకుపోయి ఉంటే ఆ ఊరు వారికే వదిలేశారు. రాజ్యాలకు కంచెలు లేని రోజుల్లో దానివల్ల ఎవరికీ నష్టం లేకపోయింది. శిస్తు ఎవరికి కట్టాలన్నదే అప్పటి తేడా.

1947లో భారత్‌ను, అప్పటి తూర్పు పాకిస్తాన్‌ను (ఇప్పటి బంగ్లాదేశ్) విడదీస్తూ రాడ్‌క్లిఫ్ గీత పడింది. 1949లో కూచ్ బిహార్ భారత్‌లో చేరింది. దాంతో పాత శిస్తు హద్దు కాస్తా దేశాల హద్దు అయింది. 1952లో పాస్‌పోర్టు, వీసా నిబంధనలు వచ్చాక ఉచ్చు పూర్తిగా బిగిసింది. ఛిట్‌లో ఉన్నవాడికి పాస్‌పోర్టు కావాలంటే సొంత దేశంలోని ఆఫీసుకు వెళ్లాలి. వెళ్లాలంటే పరాయి నేల దాటాలి. దాటాలంటే పాస్‌పోర్టు కావాలి. అంటే ఇంట్లోంచి అడుగు బయటపెట్టిన ప్రతిసారీ ఆ మనిషి చట్టం ముందు నేరస్థుడే.

దాని పర్యవసానాలు వంటింటి దాకా పాకాయి. పిల్లల్ని బడిలో చేర్చడానికి చుట్టూ ఉన్న దేశంలో ఎవరినో ఒకరిని తల్లిదండ్రులుగా రాయించేవారు. కాన్పుకు ఆసుపత్రికి వెళ్లిన ఆడవాళ్లు భర్త పేరు దగ్గర పరాయి మగవాడి పేరు చెప్పాల్సి వచ్చేది. కరెంటు తీగలు ఊరి పక్కనుంచే పోతున్నా ఛిట్‌లోకి రావు. దొంగతనం జరిగితే ఏ దేశం పోలీసూ రాడు. ఈ చిక్కుముడికి పరాకాష్ఠ దహలా ఖగ్రాబారీ. బంగ్లాదేశ్ లోపల భారత్ ఛిట్, దాని లోపల బంగ్లాదేశ్ ఛిట్, దాని లోపల మళ్లీ భారత్ ముక్క. ఎకరం మీద ముక్కాలు కూడా లేని ఆ మడిలో జనుము పండేది.

ఇందిరా గాంధీ, ముజిబుర్ రెహమాన్ 1974లోనే మార్పిడికి ఒప్పుకున్నారు. అమలు కావడానికి 41 ఏళ్లు పట్టింది. పరాయి దేశానికి నేల అప్పగించాలంటే రాజ్యాంగ సవరణే కావాలని, పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారీ ప్రాంతం వ్యవహారంలో 1960లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే 2015లో నూరో రాజ్యాంగ సవరణ చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది జులై 31 అర్ధరాత్రి 17,160 ఎకరాలు బంగ్లాదేశ్‌కు, 7,110 ఎకరాలు భారత్‌కు వెళ్లాయి. పదివేల ఎకరాలు పోగొట్టుకున్నామన్న విమర్శ వచ్చింది. కాగితం మీద అది నిజమే. భారత అధికారి ఎవరూ అడుగుపెట్టలేని, పన్ను వసూలు చేయలేని నేలను పోగొట్టుకోవడం అంటే ఏమిటన్నది మాత్రం ఆ విమర్శలో వినిపించలేదు.

మషాల్‌డాంగా అనే ఛిట్‌లో ఆ అర్ధరాత్రి 68 కొవ్వొత్తులు వెలిగించారు. 1947 నుంచి ఏడాదికి ఒకటి చొప్పున. మనుషుల లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. రెండు వైపులా కలిపి 50 వేల మందికి పైగా ఉంటే, దేశం మారడానికి ఊరు వదిలినవారు వెయ్యి మందిలోపే. వాళ్లంతా బంగ్లాదేశ్ వైపు నుంచి భారత్‌కు వచ్చినవారు. మిగతావారు ఉన్న ఊళ్లోనే ఉండి పౌరసత్వం మార్చుకున్నారు. తరాల తరబడి కాగితాలు లేకపోయినా నాగలి, చెరువు, చుట్టాలు ఉన్న చోటునే ఊరనుకున్నారు.

బలిమెల నీళ్లు చేసిన దీవి

ఇప్పుడు మల్కన్‌గిరికి వస్తే, కటాఫ్ ఏరియా ఏ రాజులూ చేసింది కాదు, ఏ గీతా చేసింది కాదు. సీలేరు మీద ఆంధ్ర, ఒడిశాలు ఉమ్మడిగా తలపెట్టిన బలిమెల ప్రాజెక్టు చేసింది. నీటిని సగం సగం పంచుకున్నారు, కరెంటు పుట్టింది. లోయ మునిగింది. లోయ అవతలి కొండల మీద ఉన్న ఊళ్లు మునగలేదు గానీ మూడు దిక్కులా నీళ్లు, నాలుగో దిక్కున ఆంధ్రా సరిహద్దు కొండలు మిగిలాయి. ముంపు ఊళ్లకు పరిహారం లెక్క ఉంటుంది. ఇల్లు మునగకుండా దారి మాత్రమే మునిగినవాడికి ఏ జాబితాలోనూ చోటు లేదు. నష్టం అంటే నీటికింద పోయిన గజాలే అని కొలిచే ఏ ప్రాజెక్టులోనైనా ఇదే లోపం.

ఆ ఊళ్లలో కోందులు, దిడాయిలు ఎక్కువ. సంతలో నడిచే భాష దేశియా. ఆంధ్రా అంచు ఊళ్లలో తెలుగు కూడా ధారాళంగా నడుస్తుంది, ఎందుకంటే బతుకుతెరువు అటువైపే. ఒడిశా బడిపంతులు, నర్సు, రెవెన్యూ ఉద్యోగి నీళ్లు దాటి వెళ్లి పనిచేయడం కష్టం కావడంతో ప్రభుత్వం అంటేనే దూరపు మాట అయింది. ఆ ఖాళీలోకి మావోయిస్టులు వచ్చారు. 2008 జూన్ 29న అదే జలాశయంలో గ్రేహౌండ్స్ బలగాల లాంచీ మీద దాడి జరిగి 38 మంది చనిపోయారు. 2011 ఫిబ్రవరిలో అభివృద్ధి పనులు చూడటానికి వెళ్లిన మల్కన్‌గిరి కలెక్టర్‌నే అపహరించి, కొన్ని రోజుల తర్వాత వదిలిపెట్టారు. దారి లేకపోవడం వల్ల పాలన లేదు. పాలన లేకపోవడం వల్ల భద్రత లేదు. భద్రత లేకపోవడం వల్ల వంతెన కట్టడానికి గుత్తేదారు ముందుకు రాలేదు. ఏళ్లపాటు ఈ గుండ్రం ఇలాగే తిరిగింది.

చివరికి సరిహద్దు భద్రతా దళం కాపలా మధ్య కట్టిన 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జులై 26న తెరుచుకుంది. కటాఫ్ అన్న పేరు తీసేసి స్వాభిమాన్ అంచల్ అని పిలవడం మొదలుపెట్టారు. చిత్రకొండ నుంచి జాన్‌బాయి వైపు జీపులు, మోటారు సైకిళ్లు నడిచాయి. అక్కడి నుంచి లోపలి ఊళ్లకు రోడ్లు, తర్వాత సెల్ టవర్లు వెళ్లాయి. వంతెన ఒక్కటే అన్నీ మార్చలేదు, కానీ అది లేకుండా మిగతావేవీ మొదలయ్యేవి కావు. ఆ నేల ఎవరిదన్న అనుమానం ఏనాడూ లేదు కాబట్టే ఇది సాధ్యమైంది. డబ్బు పెట్టాల్సింది ఎవరో అందరికీ తెలుసు.

కొటియా, జివతి: దారి ఉంది, హద్దు లేదు

కొటియాలో లెక్క తలకిందులు. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాక్‌కు, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికి మధ్య కొండల్లో ఉన్న 21 ఊళ్లు తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కోరాపుట్, గంజాం ప్రాంతాలు కలిపి ఒడిశా ప్రావిన్సు ఏర్పడినప్పుడే ఈ కొండల మీద గీత సరిగా పడలేదు. 1968లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది, యథాతథ స్థితి అన్నారు. 2006లో ఆ దావా ముగిసినా హద్దు తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ కొన్ని ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెట్టడంతో ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. ఆ నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శులతో ఉమ్మడి కమిటీ వేద్దామన్నారు.

కొటియావారికి పోవడానికి రెండు దారులున్నాయి. రెండు రాష్ట్రాల పథకాలూ అందుతాయి, రెండు జేబుల్లో రెండు కార్డులు. పైకి ఇది లాభంలా కనిపిస్తుంది. రెండు ప్రభుత్వాలూ ఒకే ఊరికి పోటీపడి రోడ్డు వేస్తే ఊరికి మంచిదేగా అన్న మాట సరిహద్దు జిల్లాల్లో తరచూ వినిపిస్తుంది. చిక్కు వచ్చేది కార్డు దగ్గర కాదు, పట్టా దగ్గర. ఒక రాష్ట్రం ఇచ్చిన భూమి హక్కును మరో రాష్ట్రం తన నేల మీద ఎందుకు గుర్తించాలి? కుల ధ్రువపత్రం ఎవరిది చెల్లుతుంది? షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఒకచోట గిరిజనుడైనవాడు గీత దాటితే ఆ జాబితాలో లేకపోవచ్చు. బియ్యం నెలనెలా తూచి ఇచ్చేస్తే అయిపోతుంది. భూమి కాగితం, ధ్రువపత్రం పిల్లల తరానికి కూడా నిలవాలి. యథాతథ స్థితి మొదటిదాన్ని ఆపదు, రెండోదాన్ని మాత్రం గాలిలో పెడుతుంది.

చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానికి మధ్య ఉన్న పరందోళి, ముకదంగూడ, అంతాపూర్, మహరాజ్‌గూడ వంటి 14 ఊళ్లదీ ఇదే తంతు. హైదరాబాద్ సంస్థానంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా ప్రాంతం 1956 పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. గీత మారిన చోట, గుట్టల మీది ఊళ్లు రెండు రికార్డుల్లోనూ మిగిలిపోయాయి. అక్కడ మరాఠీ బడి, తెలుగు బడి పక్కపక్కనే ఉంటాయి. సర్పంచులు ఇద్దరు. ఓటరు కార్డులు రెండు. రెండు ఓట్లు వేయడం చట్టప్రకారం నేరం, రెండు కార్డులు ఇచ్చింది మాత్రం ప్రభుత్వాలే. సాగు చేసుకుంటున్న భూమికి పట్టా అడిగితే దశాబ్దాలుగా సరైన జవాబు లేదు.

ఛిట్‌మహల్ వారికి ఏ దేశమూ లేదు, వీరికి రెండు రాష్ట్రాలున్నాయి. ఈ తేడా చిన్నది కాదు. పౌరసత్వం ఒకటే కావడం వల్ల, రాష్ట్రాల హద్దు మీద గేటు లేకపోవడం వల్ల ఇక్కడ ఎవరూ నేరస్థులు కాలేదు. దేశమంతా తిరిగే హక్కును రాజ్యాంగం ఇచ్చింది కాబట్టి దారి అడ్డుకునే అధికారం పక్క రాష్ట్రానికి మామూలు రోజుల్లో లేదు. 2020 లాక్‌డౌన్‌లో రాష్ట్రాల సరిహద్దులు మూసినప్పుడు మాత్రం, గీతకు అటు ఆసుపత్రి ఇటు ఇల్లు ఉన్నవారికి గేటు అంటే ఏమిటో తెలిసింది.

తేల్చేది ఎవరు

దేశం హద్దు మార్చడానికి రాజ్యాంగ సవరణ కావాలి. రాష్ట్రాల హద్దు మార్చడానికి అంత అక్కర్లేదు. మూడో అధికరణం కింద పార్లమెంటు మామూలు మెజారిటీతో చట్టం చేస్తే చాలు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు ఇలాగే 1959 చట్టంతో సరిహద్దు ప్రాంతాలను ఇచ్చిపుచ్చుకున్నాయి. దానికి ముందు ఒక మధ్యవర్తి ఊరూరి భాష, రాకపోకలు చూసి సూచన చేశాడు, రెండు ప్రభుత్వాలూ దానికి తల ఊపాయి. చట్టం కష్టం కాలేదు, తల ఊపడమే కష్టం. కొటియాలో గనుల మాట, జివతిలో అడవి భూమి మాట, రెండుచోట్లా ఓట్ల మాట ఆ తల ఊపును ఆపుతున్నాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ‘మన నేల వదులుకున్నారు’ అన్న ముద్రకు జంకుతుంది.

తొందరపడి గీసిన గీత కొత్త చిక్కు తెస్తుందనడానికి భద్రాచలమే సాక్ష్యం. పోలవరం ముంపు కోసం 2014లో తెలంగాణలోని 7 మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించారు. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉంది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు ఆంధ్రాకు వెళ్లాయి. దాంతో భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోయే తెలంగాణ బస్సు ఆంధ్రా నేల దాటుతోంది. ఒక చిక్కు విప్పబోయి, రాబిన్సన్ చెప్పిన ‘దాదాపు’ ఎక్స్‌క్లేవ్ ఒకటి కొత్తగా పుట్టింది. మల్కన్‌గిరి దక్షిణ కొసన మోటు, కలిమెల వైపు నుంచి వైద్యానికి భద్రాచలం వచ్చే తెలుగువారు ఇప్పుడు ఒడిశా, ఆంధ్ర, తెలంగాణ మూడు రాష్ట్రాల నేల తొక్కుతారు.

హద్దు తేలేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. క్లైన్‌వాల్సర్‌టాల్ విషయంలో ఆస్ట్రియా, జర్మనీ 1891లోనే సుంకాల ఒప్పందం చేసుకున్నాయి. లోయ ఆస్ట్రియాదే, సరుకుల లెక్క జర్మనీది. యూరో రాకముందు అక్కడ చెల్లింది జర్మన్ మార్కే. ఎవరి సార్వభౌమాధికారమూ తరగలేదు, రైతు పాలు అమ్ముకోవడానికి అడ్డూ లేకపోయింది. కొటియాలో, జివతిలో రెండు రాష్ట్రాలూ ఒకరి ధ్రువపత్రాన్ని మరొకరు చెల్లుబాటు చేయడానికి, సాగు భూమిని ఉమ్మడిగా సర్వే చేసి ఒకే రికార్డు రాయడానికి, ఒకరి అంబులెన్సు మరొకరి ఆసుపత్రి దాకా వెళ్లడానికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు. ఇద్దరు కలెక్టర్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటే మొదలయ్యే పనులివి. వీటిలో ఉమ్మడి సర్వే ముందు జరగాలి. గీత చివరికి ఎటు పడినా చేను ఎవరిదన్నది అప్పటికే రాసి ఉంటే, ఆ రోజున రైతుకు మారేది పాసుపుస్తకం మీది ముద్ర ఒక్కటే.

స్వాభిమాన్ అంచల్‌లో వంతెన వచ్చి ఏళ్లు గడిచాయి. రేషన్ బియ్యం ఇప్పుడు చిత్రకొండ నుంచి బండి మీద వస్తోంది. ఆంధ్రా అంచు ఊళ్లవారికి మాత్రం పెదబయలు, ముంచింగిపుట్టు వైపు సంతలే దగ్గర. పసుపు, అల్లం, కోళ్లు తట్టల్లో పెట్టుకుని తెల్లవారుజామునే ఆ గుట్ట దిగుతారు. ఒడిశా ఎక్కడ ముగిసి ఆంధ్రా ఎక్కడ మొదలైందో చెప్పే రాయి ఆ కాలిబాట మీద చాలాచోట్ల లేదు.